మరక మనది, కారు వాళ్ళది

బస్సులో అంతమంది మనుషులున్నారు. ఒక్కరికీ నోరు లేదు. కోడలికి రోత పుట్టించిన సంగతి అది, అంతేగానీ అత్త కక్కుకోవడం కాదు. ఆసుపత్రిలో మందు ఎక్కించుకున్న రోజున కడుపు తిప్పుతుందని డాక్టరు ముందే చెప్పాడు. అందుకే సంచీలో ప్లాస్టిక్ కవర్లూ, తడిగుడ్డా, నీళ్ళసీసా పెట్టుకునే బయల్దేరింది. కవరు మడత విప్పేలోగా బస్సు గతుకులో పడింది. గరిటెడు కూడా ఉండదు, సీటు అంచు మీద పడింది.

కండక్టరు ముక్కు మూసుకుని విజిలేశాడు.

"దిగండి, దిగండి. పేషెంట్లను బస్సులెక్కించి మా ప్రాణం తీస్తారు."

"నేను తుడిచేస్తానండీ. నా పనే అది. మరక కూడా మిగల్దు," అంది కోడలు.

"మరక సంగతి ఎవడడిగాడమ్మా? కంపు! ఇంతమంది ప్యాసింజర్లు ఎలా కూచోవాలి?" అంటూ అతను బస్సంతా తనవైపే ఉన్నట్టు ఒకసారి చూశాడు. బస్సంతా అతనివైపే ఉంది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషి హఠాత్తుగా బయట ఏదో వింత కనిపించినట్టు తల తిప్పుకున్నాడు. ఎదుటి సీటావిడ చెప్పులు తీసి కాళ్ళు పైకి మడుచుకుంది. ఇందాకటిదాకా అత్తతో కబుర్లాడి, ఆవిడ మోకాళ్ళ నొప్పులకు మందు కూడా చెప్పిన ముసలాయన ఫోను చూసుకుంటున్నాడు.

దింపేసిన చోట సిమెంటు గొట్టాలు గుట్టగా పడి ఉన్నాయి, నీడ లేదు. అత్త ఒక గొట్టం మీద కూలబడి నోరు పుక్కిలించింది. కోడలు ఆవిడ గడ్డం తుడుస్తూ వెళ్ళిపోయిన బస్సును తిట్టింది. కండక్టరును రెండు మాటలే అంది. మిగతావన్నీ కూర్చున్నవాళ్ళనే.

"వాడంటే డ్యూటీ. వీళ్ళకేం రోగం? ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు పోనీలేవయ్యా అనలేడా? నోట్లో ఏం పెట్టుకు కూచున్నారు?"

"ఊరుకోవే. నీ మొగుడు బ్రెడ్డు వ్యాను నడుపుతాడు కదా, నన్ను కూడా ఒక ట్రేలో పెట్టి పంపించకపోయాడా?" అంది అత్త.

నవ్వు రావలసిన మాటే గాని ఆమెకు నవ్వు రాలేదు. ఆ వ్యాను బేకరీది. అందులో ఇంటివాళ్ళను ఎక్కించుకుంటే ఉద్యోగం ఊడుతుంది. ఆ ఎండలోనే ఆమె తేల్చేసుకుంది. వచ్చే వారం మళ్ళీ మందు. ఆ లోపల ఎంత పాతదైనా సరే, నమ్మకంగా నడిచే కారొకటి కొనాలి. దాచుకున్నదంతా ఊడ్చినా కొత్త కారుకు తలుపులు కూడా రావు. కాబట్టి పాతదే, అందులోనూ చవకదే.

*

మొట్టమొదట చూసింది చేపలామె కారు. మార్కెట్టు వెనక సందులో, ఐసు ముక్కలు కరిగి పారే కాలవ పక్కన నిలబెట్టి ఉంది. రంగు ఒకప్పుడు తెలుపు కావచ్చు. వెనక సీటు మీద ఎండిన పొలుసులు మెరుస్తున్నాయి. తలుపు తీయగానే లోపలి గాలి వచ్చి మొహాన కొట్టింది.

చేపలామె దాపరికం లేని మనిషి. అడక్కముందే చెప్పుకుపోయింది. "కుడివైపు వెనక తలుపు లోపల్నుంచి రాదు, బయట్నుంచే తియ్యాలి. వానొస్తే ముందు అద్దం పక్కన కారుద్ది. ఏసీ గీసీ లేదు. బ్రేకులు మాత్రం పోయిన నెల్లోనే మార్పించా. తెల్లారకట్ట రేవుకి పోవాలి గదా, ఒక్కరోజు మొరాయించినా నా సరుకు కుళ్ళిపోద్ది. ఇంతవరకు కుళ్ళనీలేదు. ఇప్పుడు బేరం పెరిగింది, ఆటో ట్రాలీ తీసుకుంటన్నా, అందుకే అమ్మటం."

మొగుడు నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. వేళ్ళతో కొట్టి చూశాడు. చేపల టబ్బుల కింద మందపాటి రబ్బరు పరిచి ఉండటంతో అడుగు రేకు గట్టిగానే ఉంది. ఇంజను స్టార్టు చేసి, చెవి దగ్గరగా ఆనించి విని, తల పంకించాడు.

"బండి గట్టిదే," అన్నాడు లేచి, చొక్కా దులుపుకుంటూ.

ఆమె అప్పటికే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్ళింది. "ఈ కంపులో అత్తయ్యని కూచోబెడితే మందే అక్కర్లేదు, ఇంటి దగ్గర్నుంచే మొదలెడుతుంది. నాకొద్దు. చూస్తేనే ఒళ్ళు జలదరిస్తోంది."

"కడిగితే పోద్దిగా అమ్మా," అంది చేపలామె, నొచ్చుకోకుండా.

కడిగితే పోతుందో లేదో ఆమెకు చెప్పవలసిన పని లేదు. లాండ్రీలో ఆమె పేరు మరకలమ్మ. మిగతావాళ్ళు చేతులెత్తేసిన గుడ్డలన్నీ ఆమె బల్ల మీదికి వస్తాయి. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ మురికిలో మునిగి తేలే మనిషికి సొంతానికి ఒక్క వస్తువైనా శుభ్రమైనది కావాలనిపించింది. అది తప్పంటే ఎవరూ ఒప్పుకోరు. మొగుడు మాత్రం సందు మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

*

మర్నాడు లాండ్రీకి ఒక మూట వచ్చింది. విప్పేసరికి పక్క బల్లల వాళ్ళు లేచి కిటికీల దగ్గరికి పోయారు. కారు సీట్ల గుడ్డలు. బురద పట్టి, ఎండి, అట్టలు కట్టి ఉన్నాయి. కాలవలూ మరుగుదొడ్లూ పొంగి ఒకటైతే వచ్చే కంపు. పోయిన నెల వానలకు పల్లపు వీధులన్నీ మునిగాయి కదా, పాపం ఎవరిదో కారు అనుకుంది.

"కార్ల షెడ్డు వాళ్ళవి. అర్జెంటు," అన్నాడు ఓనరు గుమ్మంలోంచే. ఆయన లోపలికి రాలేదు.

ఆమె చేతులకు తొడుగులు వేసుకుంది. ఎండిన బురదను తడిపితే దారంలోకి దిగిపోతుంది, ముందు దులపాలి. గరుకు బ్రష్షుతో ఒక్కొక్క గుడ్డనూ పెరట్లో దులిపింది. వీపు ఆనే గుడ్డలన్నిటి మీదా ఒకే ఎత్తున గోధుమరంగు గీత ఉంది, గోడ మీద వరద నీళ్ళు వదిలిపెట్టే గీతలాంటిది. ఆ ఎత్తు చూసి, ఇంత లోతు నీళ్ళలో ఉన్న కారును ఇంకేం చేస్తారని ఓనరును అడిగింది.

"మనకెందుకే? మరక మనది, కారు వాళ్ళది. నువ్వు మరక సంగతి చూడు."

చూసింది. చన్నీళ్ళలో నానబెట్టింది, సోడా వేసి పిండింది, గీత మీద సబ్బు ముక్కను అడ్డంగా రుద్దీ రుద్దీ వేళ్ళు మండించుకుంది. రెండోసారి ఉతికేసరికి గీత పోయింది. మూడోసారికి కంపు పోయింది. వెనిగర్ కలిపిన నీళ్ళలో జాడించి, ఎండలో తిరగేసి ఆరేసింది. కుట్టు ఊడిన చోట కుట్టింది. ఆఖరున అలవాటు ప్రకారం ప్రతి గుడ్డకూ లోపలి మూలన ఎర్రదారంతో చిన్న ఇంటూ గుర్తు కుట్టి, మీద రెండు ముళ్ళు వేసింది. ఎవరి బల్ల మీద ఉతికిన గుడ్డో తెలియడానికి లాండ్రీలో తలా ఒక గుర్తు ఉంది. ఇది ఆమెది.

ఆరిన గుడ్డ తీసి మొహానికి ఆనించుకుని వాసన చూసింది. ఎండ వాసన తప్ప ఏమీ లేదు. ఇంటికి పోయి అత్తకు కూడా గొప్పగా చెప్పింది.

*

ఆదివారం నాడు ఆడపడుచు మొగుడు వచ్చాడు. ఇంటి అల్లుడు. పాత కార్లమ్మే షెడ్డుకు బేరాలు తెచ్చి కమీషను తీసుకోవడం అతని పని. ఇన్నాళ్ళూ తనకెందుకు చెప్పలేదని అలిగి, అలక తీర్చుకోవడానికన్నట్టు అందర్నీ షెడ్డుకు తీసుకుపోయాడు. అత్త కూడా బయల్దేరింది. కూర్చోవలసింది తనే కాబట్టి సీటు తనే చూడాలంది.

నీలం రంగు చిన్న కారు. తుడిచి, మెరుగు పెట్టి, గులాబీ వాసన బిళ్ళ ఒకటి లోపల వేలాడదీశారు. ధర కూడా వాళ్ళకు అందేదే. అత్త వెనక సీట్లో కూర్చుంది, తర్వాత కాళ్ళు చాపింది, తర్వాత పూర్తిగా పడుకునే పడుకుంది.

"ఏమే, పరుపులా ఉందే! అల్లుడుగారు మనకోసం ఎక్కడ వెతికారో. ఇందులో కక్కుకున్నా ఏ వెధవా విజిలెయ్యడు."

కోడలు నవ్వుతూ ముందు సీట్లో కూర్చుని, గుడ్డ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. సోడాతో మూడుసార్లు ఉతికి ఎండలో తిరగేసిన గుడ్డకు ఒక మెత్తదనం ఉంటుంది, అది చేతికి తెలిసిపోతుంది. సీటు పక్క జిప్పు కొంచెం లాగి మూల తిరగేసింది. ఎర్ర ఇంటూ గుర్తు, రెండు ముళ్ళు.

ఆ కంపంతా తిరిగివచ్చి ముక్కులో కూర్చుంది. గుడ్డలనైతే కడిగింది గాని, ఆ గుడ్డల కింద ఉన్న స్పాంజిని, ఆ కింద ఉన్న తీగల్ని ఎవరు కడిగారు? దిగి ముందుకు వెళ్ళి చూసింది. హెడ్‌లైటు అద్దం లోపల నీటి బొట్లు చెమటలా పట్టి ఉన్నాయి. మొగుడికి కనుసైగతో చూపించింది. ఇంజను బాగానే ఉందని అప్పటిదాకా అంటున్న మనిషి నోరు మూసుకున్నాడు.

అల్లుడిని కారు వెనక్కి పిలిచింది. "అన్నయ్యా, ఈ బండి మునిగింది కదూ?"

"ఛ, ఛ! ఎవరు చెప్పారు?"

"సీట్లు ఉతికింది నేనే."

అతను ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే తేరుకుని నవ్వాడు. "మరి ఇంకేం చెల్లెమ్మా, నీ చేత్తో నువ్వే బాగుచేసుకున్నావు! ఈ ధరకి పొడి బండి ఎవడిస్తాడు? తీగలు తుప్పుపట్టి మొరాయించడానికి రెండేళ్ళు పడుతుంది. ఆ రెండేళ్ళకీ నాదే పూచీ." గొంతు తగ్గించాడు. "అత్తయ్యగారికి అంతకన్నా ఎందుకు, నువ్వే చెప్పు?"

పక్కనే కారు వెనక అద్దం సగం దించి ఉంది. లోపల అత్త పడుకునే ఉంది, కదల్లేదు.

ఈలోగా షెడ్డులోకి మరో బేరం వచ్చింది. సంతల్లో కళ్ళజోళ్ళు అమ్ముకునే సన్నటి మనిషి, భుజాన పెట్టె. అల్లుడు ఆయన్ని చూసి ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "మీకొద్దంటే పోనీ. నోరు మాత్రం ఇప్పకు. మీ లాండ్రీకి ఈ షెడ్డు పెద్ద గిరాకీ. మీ ఓనరుకి ఒక్క ఫోను చాలు. ఇంటల్లుడి నోటి దగ్గర కూడు తీస్తే నీ ఆడపడుచుకి కూడా బాగుండదు."

కళ్ళజోళ్ళాయన కారు తలుపు తీసి, అత్తకు చెయ్యి అందించి మర్యాదగా దింపాడు. సీటు తడిమి చూశాడు. "ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో ఎవరోగాని! సంతకి సంతకీ మధ్య రాత్రిళ్ళు ఇందులోనే పడుకోవచ్చు." ఆమె వైపు తిరిగాడు. "మీరు చూసి వదిలేస్తున్నారేమమ్మా? ఏదన్నా లోపమా?"

మొగుడు నేల చూపులు చూస్తున్నాడు. అల్లుడు తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటున్నాడు.

"అబ్బే, మాకు కొంచెం చిన్నదవుతుందనీ," అంది ఆమె.

*

మొగుడు సాయంత్రం డ్యూటీకి అటే బేకరీకి పోయాడు. అత్తాకోడళ్ళు ఇంటికి బస్సెక్కారు. అత్త కిటికీ పక్కన కూర్చుంది. ఇంటల్లుడి మాట ఎత్తితే చాలు పొంగిపోయే మనిషి ఆ పూట అతని పేరే తలవలేదు. ఆవిడ విన్నదో లేదో కోడలికి తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు.

"బాగానే ఉందిగా కారు. వద్దన్నావేం?" అంది అత్త చివరికి.

"మునిగిన బండి అత్తయ్యా. నేను బురద వదలగొట్టానని చెప్పానే, ఆ గుడ్డలు దానివే."

"అదా. మరి ఆ కళ్ళజోళ్ళాయనకి చిన్నదవుతుందని చెప్పావే?"

ఆమె లాండ్రీ గురించి చెప్పింది, ఆడపడుచు కాపురం గురించి చెప్పింది. చెప్తూ ఉంటే ఆ మాటలు తనకే చప్పగా వినిపించాయి. అత్త అన్నీ విని, ముందు సీటు కడ్డీ పట్టుకుని కొంచెం ముందుకు వంగింది.

"మొన్న బస్సులో వాళ్ళకి కూడా ఏవో ఉండే ఉంటాయిలే. ఎవరి కారణాలు వాళ్ళకి. పాపం, నువ్వు ఊరికే తిట్టావు."

అంతే అంది. ఎత్తిపొడుపు గొంతు కూడా కాదు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. కోడలు తన చేతులు చూసుకుంది. సోడాకు తెల్లబడి ముడతలు పడ్డ చేతులు, వాటి మీద ఒక్క మచ్చ లేదు. వాటిని చూస్తే అసహ్యం వేసింది. లేచి నిలబడింది.

"కండక్టరుగారూ, ఆపండి. దిగాలి."

"స్టాపు ఇంకా చాలా దూరం ఉందమ్మా. మధ్యలో ఆపం."

అత్త ఆమె వైపు చూసింది. తర్వాత తీరిగ్గా కడుపు పట్టుకుని, బుగ్గలు పూరించి, పెద్దగా ఓక్ మంది. ఎవరూ చెప్పక్కర్లేకుండానే చుట్టుపక్కల సీట్లు ఖాళీ అయ్యాయి. విజిలు మోగింది, బస్సు కీచుమని ఆగింది. అత్త మెట్లు దిగి, చీదరించుకుంటున్న మొహాలకేసి ఒకసారి చూసి, శుభ్రంగా ఉన్న నోటిని శుభ్రంగా తుడుచుకుంది.

"నడువు. ఆయన డబ్బు కట్టేస్తాడు మళ్ళీ," అంది.

*

కళ్ళజోళ్ళాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డబ్బు సంచీ ఒళ్ళోనే ఉంది, ఇంకా మూతి విప్పలేదు. షెడ్డు యజమాని కాగితాలు సర్దుతున్నాడు. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా కారు దగ్గరికి పోయి, తలుపు తీసి, జిప్పు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా లాగి గుడ్డను తిరగేసింది.

"అయ్యా, ఒకసారి ఇటు రండి. ఈ ఎర్రదారం నా గుర్తు. నేను లాండ్రీలో పనిచేస్తాను. ఈ సీట్లు నేనే ఉతికాను."

షెడ్డు యజమాని ఒక్క గంతున లేచాడు. "ఎవరు చెప్పారు మునిగిందని? మా బండి నీళ్ళు ముట్టుకుంటే ఒట్టు!"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు. నీళ్ళ మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తనేలేదు. కళ్ళజోళ్ళాయన ఆయన మొహంలోకి చూశాడు, ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, సీటు మీదికి వంగాడు. బయటపడ్డ స్పాంజిని బొటనవేలితో నొక్కాడు. నల్లటి నీళ్ళు ఊరి, గోటి చుట్టూ చేరాయి. వాసన అందరికీ వచ్చింది.

"ఇందాక చిన్నదవుతుందన్నారు కదమ్మా," అన్నాడాయన.

"అబద్ధం చెప్పానండీ."

ఆయన తల ఊపి, సంచీ చంకలో పెట్టుకుని, పెట్టె భుజానికెత్తుకున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళెక్కడని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. ఆమె తన సంచీలోంచి సీసా తీసి ఆయన చేతి మీద పోసింది.

అల్లుడి మొహం మాడిపోయింది. "ఎంత పని చేశావు చెల్లెమ్మా! రేపు నీకు లాండ్రీలో బల్ల ఉంటే నన్నడుగు. అత్తయ్యగారూ, చూశారా మీ కోడలి నిర్వాకం?"

అత్త గేటు దగ్గర గోడకు ఆనుకుని ఆయాసపడుతోంది. ఊపిరి కుదుటపడేదాకా ఆగి, మర్యాద ఏమాత్రం తగ్గకుండా చెప్పింది.

"అల్లుడుగారూ, నాకు రెండేళ్ళు చాలన్నారు కదా. ఆ రెండేళ్ళూ మీరు మా గడప తొక్కకండి. మా అమ్మాయిని మాత్రం పంపిస్తూ ఉండండి."

*

లాండ్రీలో బల్ల నిజంగానే లేకుండా పోయింది. ఓనరు గుమ్మంలోనే నిలబడి, కాస్త బాధగానే, మరక సంగతి చూసుకోమంటే కారు సంగతి నీకెందుకన్నాడు. ఆమె తన బ్రష్షూ, ఎర్రదారం ఉండా తెచ్చుకుని, అటునుంచి అటే మార్కెట్టు వెనక సందుకు పోయింది. మొగుడు బ్రెడ్డు పంచి వచ్చి అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

"కంపన్నావుగా అమ్మా?" అంది చేపలామె.

"కంపే. ఇస్తావా?"

ఆ మధ్యాహ్నమే ఇంటి ముందు సీట్ల గుడ్డలు విప్పింది. పొలుసులు దులిపింది, నానబెట్టింది, పిండింది. స్పాంజిని కూడా బయటికి లాగి కడిగి ఎండబెట్టింది. తలుపుల సందుల్లో, పెడళ్ళ కింద, చెయ్యి పట్టని మూలల్లో పాత బ్రష్షు దూర్చి తోమింది. గుడ్డలు ఆరాక మళ్ళీ తొడిగింది. ఎర్రదారం కుట్టలేదు. ఇవి ఎవరి గుడ్డల్లోనూ కలిసేవి కావు.

మందు రోజు వచ్చింది. ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుంటే, వాళ్ళను బస్సు దింపేసిన సిమెంటు గొట్టాల దగ్గరికి వచ్చేసరికి అత్త కడుపు పట్టుకుంది. ఈసారి నటన కాదు. మొగుడు బండి పక్కకు తీసి ఆపాడు. కోడలు దిగి, బయట్నుంచి మాత్రమే తెరుచుకునే తలుపు తీసి, ఆవిడ నుదురు పట్టుకుంది. సగం నేల మీద పడింది, సగం సీటు మీద.

అత్త సీటుకేసి దిగులుగా చూసింది. "అంత కష్టపడి ఉతికావు."

"ఉతుకుతాను," అంది కోడలు, తడిగుడ్డ తీస్తూ.

"ఇంకా చేపల వాసన కొడుతూనే ఉందే."

"కొడుతోంది అత్తయ్యా. పూర్తిగా పోవడానికి ఇంకా పడుతుంది."

అత్త నోరు పుక్కిలించి ఉమ్మేసి, కాళ్ళు చాపి వెనక్కి వాలింది. "తొందరేముంది," అంది కళ్ళు మూసుకుంటూ. "నిదానంగా పోనీ."